నాలుగు జేబుల అట్ట

నేను ఒక అట్టను. ఫ్రిజ్ వచ్చిన పెట్టెలోంచి కోసిన ముక్కను. నా ఒంటి మీద నాలుగు జేబులున్నాయి. పాత జాకెట్టు గుడ్డలతో వాటిని కుట్టింది హైమావతి టీచరు. నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్ అని వాటికి పేర్లు పెట్టింది. పాత శుభలేఖలు కత్తిరించి, వెనకవైపు ఇంగ్లీషు మాటలు రాసింది. ఏ మాట ఏ జేబులోకి వెళ్లాలో పిల్లలే తేల్చుకుని వేయాలి. నన్ను ఐదో తరగతి గోడకు తగిలించిన రోజున, "ఇది మీదేనర్రా, మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి" అంది. నేను నమ్మాను.

పిల్లలు నన్ను వాయించేశారు. 'రన్' అన్న కార్డు దొరికితే ఒకడు గదంతా ఓ చుట్టు పరిగెత్తి వస్తేగానీ దాన్ని జేబులో వేసేవాడు కాదు. పైడితల్లి మాత్రం ప్రతి కార్డు దగ్గరా ఆగేది. 'స్లోలీ' అంటే నడక కాదు, నడిచే తీరు అని తనలో తనే గొణుక్కునేది. తప్పుగా వేస్తే తీసి, మళ్లీ ఆలోచించేది. ఆ పిల్ల చేతి చెమటకి నా అంచులు నల్లబడ్డాయి. నాకది ముచ్చటగానే ఉండేది. ఆ ఏడు తను గురుకులం ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు రాకపోతే తల్లితో పాటు జీడిపిక్కలు కొట్టే పనికి పంపుతామని ఇంట్లో చెప్పేశారు.

అంతలో బోధనోపకరణాల మేళా వచ్చింది. టీచర్లు తమ చేతులతో చేసిన వస్తువులకు బహుమతులిచ్చే తిరనాళ్లన్నమాట. మండలంలో మొదటి బహుమతి నాకే. టీచరు శాలువా కప్పించుకుని, నన్ను గుండెకు ఆనించుకుని ఫొటో దిగింది. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు. ఇక జిల్లాకు వెళ్లాలన్నారు. అప్పటినుంచి నా కాపురం బీరువాలో. పిల్లలు ముట్టుకుంటే మురికవుతానట. బస్సు కుదుపులకు కార్డులు రాలిపోతాయని, ఒక్కో కార్డునూ దాని జేబులో పెట్టి జిగురుతో అంటించేసింది కూడా. నన్ను కుట్టిన చేతులే అవి. మనుషులు ఇంతగా మోసం చేయగలరని నాకు ఆ రోజే తెలిసింది.

పరీక్ష దగ్గరపడ్డాక పైడితల్లి బతిమాలి నన్ను బీరువాలోంచి తీయించింది. ఒళ్లో పెట్టుకుని, కార్డులన్నీ కలిపేద్దామని ఒకదాన్ని లాగింది. కదల్లేదు. ఇంకోటి లాగింది.

"రావట్నేదు టీచర్," అంది.

"లాగకే, చిరిగిపోద్ది. అన్నీ సరిగ్గానే ఉన్నాయిగా, చూసి బట్టీ పట్టు."

పైడితల్లి కాసేపు చూసింది. తను ఆలోచించడానికి నాలో ఏమీ మిగల్లేదు. నన్ను బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయింది.

జిల్లాలోనూ గెలిచాను. ఇప్పుడు మండల విద్యాశాఖ కార్యాలయంలో అద్దాల పెట్టెలో ఉంటున్నాను. వచ్చిన అధికారులందరూ నన్ను మెచ్చుకుంటారు, ఒక్కరూ ఒక్క కార్డూ కదిపి చూడరు.

మొన్న ఏదో పని మీద హైమావతి టీచరు వచ్చింది. గురుకులం సీట్ల సంగతి గుమాస్తా అడిగాడు. పైడితల్లికి రాలేదని, ఇంగ్లీషులోనే పోయిందని, ఇప్పుడు తల్లి పక్కన కూర్చుని పిక్కలు కొడుతోందని చెప్పింది.

"ఏం చేస్తామండి, ఎంత చెప్పినా ఆ పిల్లకి ఎక్కదు," అంది.

ఎక్కింది. నేను చూశాను. అద్దం పగిలేలా అరవాలనిపించింది, కానీ అట్టకి నోరెక్కడిది?

టీచరు నా వైపు చూసి మురిసిపోయింది. అద్దం మీద దుమ్ముంటే కొంగుతో తుడిచి వెళ్లింది.