అటక మీది కత్తిపీట

నానబెట్టిన వెల్లుల్లి రెబ్బల్ని బొటనవేలి గోటితో ఒలుస్తోంది ఎలీశమ్మ. చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్లో తొంభై మందికి వంట. రెండేళ్లుగా వెల్లుల్లి ఒలవడమే ఆమె పని, గోళ్లు పసుపుబారిపోయాయి. అయినా తెల్లటి రెబ్బలు ఒక్కొక్కటీ గిన్నెలో పడుతుంటే మనసు నిమ్మళంగా ఉంటుందామెకి.

అంతకుముందు కూరగాయలన్నీ ఆమే తరిగేది, పెద్ద వంటామె కోటేశ్వరమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కత్తిపీట మీద. ఒక ఎండాకాలం ఎలీశమ్మకి నిద్ర పట్టడం మానేసింది. ఎవరూ లేనిచోట మాటలు వినబడ్డాయి. మూడు నెలలు దవాఖానలో ఉండి, కోలుకుని పనిలోకి వచ్చింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమెకంటే ముందే కబురు వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

కోటేశ్వరమ్మ కత్తిపీటని సామాన్ల గదిలో అటకెక్కించింది. "పదును పోయిందే, నువ్వు వెల్లుల్లి ఒలువు" అంది. తనేమో రోజూ ఆ గదిలో తలుపేసుకుని, దాన్ని దించుకుని దాని మీదే తరిగేది. మహాతల్లికి అబద్ధమాడటం వస్తేగా! చప్పుడు వంటింటిదాకా వినబడేది. ఎలీశమ్మ విననట్టే ఉండేది గానీ లోపల నొచ్చుకునేది.

టిఫిన్లయ్యాక ఇద్దరూ గోలీలు వేసుకుంటారు. కోటేశ్వరమ్మ బీపీ గోలీలు ఉప్పు డబ్బా పక్కన అందరికీ కనబడేలా ఉంటాయి. ఎలీశమ్మవి కొంగుముడిలో ఉంటాయి, గోడవైపు తిరిగి మింగుతుంది.

ఇవాళ కోటేశ్వరమ్మకి ఆఖరి రోజు. మోకాళ్లు అరిగిపోయాయి, మన్సూరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. హాస్టల్ ఓనరు రామమోహనరావు వంటింట్లోకొచ్చి గొంతు తగ్గించాడు.

"రేపట్నుంచి వంటెవరు చూస్తారు కోటేశ్వరమ్మగారూ? ఈవిడకి చూస్తే..." అంటూ కణత దగ్గర వేలితో సున్నా చుట్టాడు. "ఇద్దరు కొత్తవాళ్లని తెచ్చుకుంటే పోలా?"

వెల్లుల్లి ఒలుస్తున్న ఎలీశమ్మకి ఆ మాట వినబడింది. కొత్తవాళ్లొస్తే తనకి ఈ వెల్లుల్లి పని కూడా ఉండదు.

కోటేశ్వరమ్మ గరిటె కింద పెట్టింది. "నాకు బీపీ గోలీ, దానికా గోలీ. రెండేళ్లలో ఒక్క పూట మానలేదది. నేను మర్చిపోతే గుర్తుచేసేదీ అదే. వంట ఇదే చూస్తుంది బాబూ. కావాలంటే సాయానికి ఒకర్ని తెచ్చుకోండి."

ఆయన కాసేపు నసిగి, "సరే, మీ మాట" అని వెళ్లిపోయాడు.

కోటేశ్వరమ్మ సామాన్ల గదిలోకెళ్లి, మోకాళ్లు పట్టుకుంటూనే స్టూలెక్కి కత్తిపీట దించి తెచ్చి ఎలీశమ్మ ముందు పెట్టింది.

"పదును బానే ఉందే. నేనే భయపడ్డాను. తప్పయింది."

"నాకెర్కనే అక్కా. సప్పుడు ఇనబడ్తుండె గదా" అని నవ్వింది ఎలీశమ్మ. కళ్లు మాత్రం తడిశాయి. "జర గా వంకాయలు ఇటియ్యి."

పీట మీద పాదం ఆనించగానే చెయ్యి దానంతటదే కదిలింది. ముక్కలన్నీ ఒక్క కొలతలో నీళ్ల గిన్నెలో పడ్డాయి. రెండేళ్ల తర్వాత ఆమెకి కడుపు నిండినంత సంతోషం కలిగింది.

సాయంత్రం నాలుగింటికి కూతురు ఆటో తెచ్చింది. సంచులన్నీ ఎక్కించి, "అమ్మా, నీ కత్తిపీట?" అని అడిగింది.

"అది తరిగే మనిషి దగ్గరే ఉండనీ" అంది కోటేశ్వరమ్మ. ఎలీశమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి ఆటో ఎక్కింది.

లోపలికొచ్చిన ఎలీశమ్మ ఉప్పు డబ్బా పక్కన ఖాళీ అయిన చోటు చూసింది. కొంగుముడి విప్పి తన గోలీలు అక్కడ పెట్టింది. పొయ్యి పక్కన కత్తిపీట పక్కకి వాల్చి ఉంది, ఇద్దరి పాదాలకీ అరిగిన చెక్క మీద కడిగిన తడి ఇంకా ఆరలేదు.