జరీ, బుటా, తొమ్మిది కోడిపిల్లలు

మా అత్త లక్ష్మీదేవమ్మకు తన కోడి కూయకపోతే గద్వాలలో తెల్లారదని గట్టి నమ్మకం. నా పిల్లులు లేకపోతే మా ఇంట్లో మగ్గం ఆడదని నాకూ అంతే గట్టి నమ్మకం. కాకపోతే ఆమెది నోరున్న నమ్మకం. నాది వంటింట్లో గొణుక్కునే నమ్మకం.

పిల్లులను తెచ్చింది నేనే. మాది చీరలు నేసే ఇల్లు. మగ్గానికి నిలువుగా కట్టే నూలు పోగులకు, అంటే పడుగుకు, గంజి పెడతాం. ఆ గంజి వాసనకు ఎలుకలు పెళ్లివారిలా దిగబడతాయి. పోయినేడు తెల్లారేసరికి సగం పడుగు కొరికి పెట్టాయి. మా ఆయన మహేశ్వర్ తెగిన పోగులు ముడేసుకుంటూ నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఐదో రోజు నేను వడ్డేపల్లికి, మా అమ్మగారింటికి పోయి రెండు పిల్లికూనలను బుట్టలో పెట్టుకొచ్చాను. పచ్చగా మెరిసేది జరీ, ఒళ్లంతా మచ్చలున్నది బుటా. నెల తిరక్కుండా ఎలుకలు మకాం ఎత్తేశాయి.

ఎలుకలు పోయాక పిల్లులకు పని లేకుండా పోయింది. ఇక వాటి ఆగడాలు చూడాలి! మగ్గం తాళ్లు పట్టుకుని ఊగేవి. అత్త ఆరేసిన చీర మీద నుంచి జారేవి. నేను రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు చుడుతుంటే, ఒక్క కండె కింద పడితే చాలు, దాని వెంట ఇల్లంతా ఉరికేవి. కండె అంటే వేలెడంత గొట్టం, దానికి చుట్టిన రంగుపట్టు. ఒకరోజు జరీ అట్లా దొర్లిన కండెను నోట కరుచుకుని తెచ్చి నా బుట్టలో వేసింది. మురిసిపోయి ఎండుచేప ముక్క పెట్టాను. మర్నాడు బుటా కూడా తెచ్చింది. దానికీ పెట్టాను. వారం తిరిగేసరికి ఇద్దరు జీతగాళ్లు దొరికినట్టయింది నాకు. నడుం వంచే పని తప్పింది.

అత్తకు ఈ ముచ్చట ఏదీ పట్టలేదు. ఆమె లోకం పెరట్లో ఉంది. నల్లపెట్ట పొదిగి తొమ్మిది పిల్లలను లేపింది. మొదటిరోజే బుటా వాటిని వాసన చూడబోతే పెట్ట దాని ముక్కు మీద ఒక్కటి పొడిచింది. అప్పటినుంచి పిల్లులు రెండూ ఆ దిక్కు కన్నెత్తి చూడలేదు. చూసిందల్లా గద్ద. రోజూ పొద్దెక్కగానే మా పెరటి మీదే చక్కర్లు కొట్టేది.

"రంగు వేసిన పిల్లను గద్ద ముట్టదే. దానికి అది కోడిపిల్ల అని తెల్వదు," అన్నది అత్త.

మహేశ్వర్ అంచు పట్టుకు కుంకుమరంగు అద్దగా గంగాళంలో రంగునీళ్లు మిగిలాయి. శనివారం ఎండపూట అత్త తొమ్మిది పిల్లలనూ అందులో ఒక్కొక్క మునక వేయించి, కొంగుతో తుడిచి ఎండలో వదిలింది. పెరడంతా కుంకుమ ఉండలు దొర్లినట్టు ముచ్చటగా ఉంది. నేను ఫోన్లో ఫోటోలు కూడా తీశాను.

ఆదివారం పొద్దున గంప లేపి కోళ్లను వదిలాం. మహేశ్వర్ మగ్గం ఎక్కాడు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. రెండు గంటలు గడిచాయో లేదో, పెరట్లోంచి అత్త కేక.

"ఏమే సుమనా! జర ఇటు రా! నాకు అయిదే కనవడ్తున్నయ్!"

పొదలు వెతికాం, పిడకల చాటున చూశాం. అయిదే. అంతలో బుటా తోక ఎత్తుకుని తలుపులోంచి వచ్చింది. దాని మూతికి ఎర్రటి నూగు అంటుకుని ఉంది.

"గా మూతి చూడు! తిన్నది తిన్నట్టే ఉన్నది," అన్నది అత్త. కళ్లనీళ్లు పెట్టుకుంది. "మహేశా! మగ్గం దిగు. గీ రెంటినీ సంచిల వెట్టుకోని ఆత్మకూర్ల ఇడిచిరా. కృష్ణ దాటిస్తెనే పిల్లి మల్ల రాదు."

"అమ్మా, కొంగు నేస్తున్ననే..."

"కొంగు యాడికి పోదు. నా పిల్లలు పోయినయ్!"

మహేశ్వర్ నా వంక చూశాడు. నేను నోరు తెరవలేదు. పైగా, చెప్పుకుంటే సిగ్గుచేటు, గోనెసంచి తెచ్చింది నేనే. అత్త పిలిస్తే రావు, మహేశ్వర్ పిలిస్తే రావు. నేను నాలుక కొట్టి పిలిచాను. రెండూ ఉరికి వచ్చాయి. సంచి మూతి తెరిచి పట్టుకుంటే అందులో ఏదో ఆట ఉందనుకుని వాటంతటవే దూరాయి. మూతి బిగించి కట్టిందీ నా చేతులే. మహేశ్వర్ సంచి భుజాన వేసుకుని బస్సుకు పోయాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుపు అత్త కంటపడకుండా మగ్గం గదిలోకి పోయాను. మగ్గం ఆడుతుంటే ఆ గదిలో మనిషి మాటే వినపడదు. ఇప్పుడు మగ్గం ఆగింది కదా, అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో సన్నగా కిచకిచలు.

కండెల బుట్ట మీద సగం కప్పిన గుడ్డ కదులుతోంది. ఎత్తి చూశాను. కుంకుమరంగు కండెల మధ్య కుంకుమరంగు కోడిపిల్లలు! నాలుగూ ఉన్నాయి. ఈకలు పిల్లి ఎంగిలితో తడిసి, నెత్తిమీద నూగు ముళ్లలా లేచి ఉంది. ఒకదాని కాలికి పట్టుపోగు చుట్టుకుంది. ఒంటిమీద గీత కూడా లేదు. పిల్లుల లెక్కకు రంగు అదే, రంగు వాసన అదే, కాకపోతే ఈ కండెలు తమంతట తాము దొర్లిపోతున్నాయి. పాపం, జరీ, బుటా పొద్దుటినుంచి నా కండెలు ఏరి తెచ్చి బుట్టలో వేస్తూ, ఎండుచేప ఇంకా ఎందుకు రాలేదా అని చూశాయన్నమాట.

"అత్తా!" అని నేను వేసిన కేకకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు.

అత్త ఒక్కొక్క పిల్లనూ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక కండె తీసి పిల్ల పక్కన పెట్టి చూసింది. రెండింటినీ వాసన చూసింది.

"రంగు వేసింది నేను," అన్నది చివరకు. "పిల్లులు దొంగలెట్ల అయితయ్? ఫోన్ కలుపు."

కలిపాను.

"ఇడిచిపెట్టినవా?" అని అరిచాను.

"ఇడిచేదేందే! జరీ సంచి చింపి తల బైట వెట్టింది. పక్క సీటామె లొల్లి చేసింది. కండక్టరమ్మ నన్ను జూరాల డ్యామ్ కాడ్నే దింపేసింది. ఎండల నిలవడ్డ."

అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "మహేశా, మలుపుకొని రా. బస్సు కోసం నిలవడకు, ఆటో పట్టు!" అన్నది. జన్మలో ఆమె నోట ఆటో మాట వినలేదు నేను.

మధ్యాహ్నానికి వచ్చాడు. సంచి విప్పగానే బుటా ఎగిరి పొయ్యి గట్టు ఎక్కి ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది. దానికి మతిమరుపు ఎక్కువ. జరీ అట్లా కాదు. నా వంక ఒకసారి చూసి, నేరుగా మగ్గం కింద కాళ్లు ఆడించే గుంటలోకి దిగి ఆ మూలకు పోయి కూర్చుంది. నాలుక కొట్టి పిలిచాను. రాలేదు. మళ్లీ పిలిచాను. చెవి కూడా తిప్పలేదు.

అత్త వచ్చి గుంట ఒడ్డున నా పక్కన కూర్చుంది.

"నీ మీద అలిగింది."

"అలగదా అత్తా? పిలిచి సంచిల వెట్టింది నేనే గదా."

"నేను చెప్తే నువ్వెందుకు వెట్టినవే? వద్దు అనరాదా?"

పెళ్లై ఆరేళ్లయింది. ఆ ఇంట్లో ఆ మాట అనవచ్చని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

"అంటే తిడ్తవు," అన్నాను.

"తిడ్త. తిట్టనా మరి? తిట్టినా గూడ అనాలె. నువ్వు అననందుకు గీ నోరులేనియి నది దాటిపోతుండె."

తల ఊపాను. అత్త మోకాలు పట్టుకుని లేచింది. పెరటి దిక్కు నడుస్తూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"గంగాళంల రంగు ఇంకా ఉన్నది. పిల్లలకు కాదులే, నల్లపెట్టకు వేద్దాం. గద్దకు ఎర్రపెట్టంటే గూడ భయముంటది."

జరీ గుంటలోంచి నన్నే చూస్తోంది.

"వద్దు అత్తా," అన్నాను.

అత్త వెనక్కి తిరిగింది. తిట్టింది. నన్ను, నా పిల్లులను, వడ్డేపల్లిని, మా అమ్మ నాకు నేర్పిన బుద్ధులను, ఒక్కొక్కటిగా వరసపెట్టి, పొద్దుగూకే దాకా మనసారా తిట్టింది. నేను ఆ తిట్లు వింటూనే గంగాళం రెండు చేతులా ఎత్తుకుపోయి రంగంతా మురుగు మోరీలో పోసి వచ్చాను.