సత్తిరాజు ఫియట్ ముందద్దం

నేను ఒక ముందద్దాన్ని. మొహం చూసుకునే జాతి కాదు నాది. వాళ్ళ ముందు నిలబడి బొట్టు దిద్దుకుంటారు, జుట్టు సర్దుకుంటారు, ఆ మర్యాదే వేరు. మేం కార్లకి ముందుండే రకం. మాలోంచి అందరూ రోడ్డు చూస్తారు గాని మమ్మల్ని చూసేవాడు ఉండడు. ఎవరైనా పనిగట్టుకుని మా వంక చూశారంటే మాకేదో రోగం వచ్చినట్టే లెక్క.

పుట్టుక సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. కొలిమిలో పుట్టినవాళ్ళందరిదీ ఇంచుమించు ఒకటే కథ. ఇసక, సున్నపురాయి, సోడా కలిపి కరగబెట్టారు. పలకగా పరిచి, అచ్చు మీద వంచి, వేడి మీదుండగానే చల్లగాలి కొట్టి గట్టిపరిచారు. మూలన చిన్న ముద్ర వేశారు. ఆ ముద్రంటే నాకు కాస్త గర్వం, దాచుకోవడం ఎందుకు. తరవాత లేతాకుపచ్చ ఫియట్ కారుకి రబ్బరు పట్టీలో బిగించి తణుకు పంపించారు.

నా మొదటి యజమాని చక్కెర మిల్లులో ఇంజనీరు. కారైతే కొన్నాడు గాని నడపడం ఎప్పటికీ రాలేదు. వెనక సీట్లో కూర్చుని, ఎదర గేదె కనబడితే చాలు, బ్రేకు తన దగ్గరే ఉన్నట్టు కాలు నేలకేసి నొక్కేవాడు. నాకు పదేళ్ళొచ్చేసరికి ఆయన దగ్గర సత్తిరాజు డ్రైవరుగా చేరాడు. మీసం ఇంకా సరిగ్గా రాని మనిషి, కానీ స్టీరింగు పట్టుకుంటే మాత్రం నిండుకుండ మోస్తున్నంత జాగ్రత్త. ఇంజనీరు ఉద్యోగం విరమించి ఊరొదిలి వెళుతూ, కారుని సత్తిరాజుకే ఇచ్చేశాడు.

అప్పణ్ణించి మేం పెళ్ళిళ్ళకి తిరిగాం. నా వెనక కూర్చుని చెమటలు పట్టిన పెళ్ళికొడుకులు ఎంతమందో లెక్కలేదు. బయట బాజాలు మోగుతుంటే లోపల ఆ మొహాలు చూడాలి, పెళ్ళికి పోతున్నట్టుండదు, పరీక్షకి పోతున్నట్టుంటుంది. ముప్పై ఏళ్ళలో సత్తిరాజు ఒక్కరికీ గీత తగలనివ్వలేదు. గీతలన్నీ నాకే తగిలాయి.

అవి ఎలా తగిలాయో చెప్పాలంటే సత్తిరాజు భార్య వరహాలమ్మ గురించి చెప్పాలి. ఏటా దసరాకి ఆయుధ పూజనాడు పొద్దున్నే ఆవిడ ఇత్తడి బిందెలు, దీపపు కుందులు ముందేసుకుని చింతపండూ ఇటుక పొడీ పెట్టి తోమేది. అవి బంగారంలా మెరిసేవి. ఆ వరసలోనే నా దగ్గరికొచ్చేది. అన్నం పెట్టే కారాయె, బిందెలకున్నపాటి భాగ్యం దీనికి లేకపోతే ఎలా అని ఆవిడ లెక్క. నాకోసం ప్రత్యేకంగా పల్చటి గుడ్డలో జల్లించిన ఇటుక పొడి. మోచేతిదాకా బలం పెట్టి గుండ్రంగా, గుండ్రంగా రుద్దేది. తరవాత కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, కళ్ళకద్దుకునేది. అంత భక్తిగా నన్ను ముట్టుకున్నవాళ్ళు లేరు. అంతగా నన్ను పాడుచేసినవాళ్ళూ లేరు.

ఒక్కొక్క గీతా వెంట్రుకలో వెయ్యోవంతు. ఒక ఏడాదికి తెలియదు. ముప్పై దసరాలు గడిచేసరికి నా ఒళ్ళంతా సన్నటి పొర కమ్మింది. ఎండ ఎదురైతే తెల్లగా వెలిగిపోయేదాన్ని. ఎదర లారీ దీపాలు వేస్తే ఆ వెలుగు చిమ్మి నా నిండా పరుచుకునేది.

సత్తిరాజు మాత్రం నన్ను అనుమానించలేదు. తన కళ్ళని అనుమానించాడు. వాళ్ళ నాన్నకి చూపు పోయేముందు దీపాల చుట్టూ ఇలాగే వెలుగు చిమ్మినట్టు కనబడేదట. పేపరు చదవడానికి ఇబ్బంది లేదు, సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. అయినా ఆ ధైర్యం కారెక్కగానే పోయేది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే ఆ మాట ఖాయమైపోతుందని వెళ్ళలేదు. పెళ్ళాంతో చెప్పలేదు. పొద్దు వాలాక బేరాలొస్తే నడుం నొప్పన్నాడు. ఒకరోజు షెడ్డులో ఒంటరిగా స్టీరింగు మీద తల ఆనించి, "ఎవరి ప్రాణం మీదికైనా తెచ్చేలోపు దిగిపోవాలి" అనుకున్నాడు పైకే. నీ కళ్ళు కావయ్యా, నేను, అని చెప్పడానికి నాకు నోరు లేదు. నోరు లేనందుకు నేను ఏడ్చింది ఆ ఒక్కరోజే.

ఆఖరికి పాత కార్లంటే ప్రాణమిచ్చే కాకినాడ ఆసామి ఒకాయనకి కారిచ్చేస్తానని మాటిచ్చాడు. పెట్రోలు పోసి పోసి విసుగెత్తిందని ఇంట్లో చెప్పాడు. ఆ ఆసామి ఫోన్లో ఒక్కటే కోరాడు. "అద్దం మార్చకండి. ఆ ముద్రున్నది మళ్ళీ దొరకదు. రావులపాలెంలో కాలేషా అని ఉన్నాడు, అతని చేత పాలిష్ పట్టించి పంపండి." చూశారా, నా ముద్ర గొప్పతనం!

పొద్దున్నే రావులపాలెం బయల్దేరాం. ఆఖరి ప్రయాణం కదా అని వరహాలమ్మ కూడా ఎక్కింది. ఎండ సూటిగా నా మొహాన కొడుతుంటే సత్తిరాజు ఎడ్లబండి కంటే నెమ్మదిగా పోనిచ్చాడు. గోదావరి మీద సిద్ధాంతం ఊరి వంతెన దాటేసరికి అతని చొక్కా తడిసిపోయింది.

కాలేషా నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. నా మీద బొటనవేలి గోరు నడిపించి, ఎక్కడ తట్టుకుంటోందో చూశాడు. నా చుట్టూ టేపు అంటించి, నడిమధ్యన నిలువుగా ఇంకో టేపు వేశాడు. డ్రైవరు వైపు సగం ముందు చేస్తాడట, తేడా తెలుస్తుందని. గులాబిరంగు పొడి నీళ్ళలో మజ్జిగలా కలిపి, మిషనుకున్న ఉన్ని బిళ్ళకి పట్టించి మొదలుపెట్టాడు. ఆరనిచ్చేవాడు కాదు, నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. నాలుగు తిప్పులకోసారి ఆపి, జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి నా మీద ఆనించేవాడు. వేడెక్కితే నేను పగిలిపోతానని అతనికి తెలుసు. ఒక వైపరు గీత దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"దీన్ని వదిలేద్దావండి బాబాయ్‌గారూ. లోతుగా ఉంది. మొత్తం తీసేత్తే గుంట పడిపోద్ది, రోడ్డు వంకరగా కనపడతాది."

"ఆయ్, నీ ఇష్టం. ఎలాగూ నాకు కనపడేదేం లేదు" అన్నాడు సత్తిరాజు. వరహాలమ్మ చప్పున తలెత్తి చూసింది.

మధ్యాహ్నానికి సగం పూర్తయింది. కాలేషా అతన్ని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, పదడుగుల దూరంలో హెడ్‌లైటు బల్బు ఒకటి వెలిగించి పట్టుకున్నాడు. సత్తిరాజు నా కుడిసగంలోంచి చూశాడు. బల్బు బల్బులాగే ఉంది. తల ఎడమకి జరిపి చూశాడు. వెలుగు చిమ్మింది. మళ్ళీ కుడికి. మళ్ళీ ఎడమకి. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి. తరవాత కారు దిగి, అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఏటయ్యిందండీ?" అంటూ వరహాలమ్మ పరిగెత్తుకొచ్చింది.

"నాన్నలాగే నా కళ్ళూ పోయాయనుకున్నానే. అందుకే అమ్మేద్దావన్నాను."

"రెండేళ్ళబట్టి నడుం నొప్పంటే కొబ్బరినూనె రాసి చచ్చాను! కళ్ళనుకుని నాకు చెప్పలేదా?" ఆవిడ అతని భుజం మీద ఒక్కటేసింది.

కాలేషాకి దసరా సంగతి తెలియదు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ, "వైపరు గీతలు అడ్డంగా పడతాయండి. ఇయ్యి గుండ్రంగా ఉన్నాయి. ఎవరో ఇటుక పొడెట్టి గిన్నెలు తోమినట్టు తోమేశారు" అన్నాడు.

సత్తిరాజుకి అర్థమైంది. భార్య మొహం చూడకుండానే, "కారు కడగడానికి ఎవరెవరికో ఇచ్చేవోణ్ణి. వాళ్ళెవరో చేసుంటారు" అన్నాడు.

"అబద్ధాలాడకండి" అంది వరహాలమ్మ. "నేనే బాబూ, ఏటా దసరాకి. మంచిదనుకున్నాను." ఈయన కళ్ళు మూసింది తనేనా అన్నట్టు తన చేతుల వంక చూసుకుంది.

కాలేషా నీళ్ళు చల్లే సీసా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "మిగతా సగానికి మీరు నీళ్ళు కొట్టండి పిన్నిగారూ. ఆరనివ్వకూడదు, అంతే."

ఆవిడ ఆ సాయంత్రం దాకా కూర్చోలేదు. ఒక్క క్షణం కూడా నన్ను ఆరనివ్వలేదు. నాకు ఆవిడ మీద కోపం ఉండేదని ఒప్పుకుంటాను. అది ఆ నీళ్ళతోనే పోయింది.

తిరుగు ప్రయాణంలో పడమటెండ నేరుగా నా మీద పడింది. సత్తిరాజు కళ్ళు చిట్లించలేదు. వంతెన మీద ఎదర నుంచి బస్సొస్తోంది.

"బోర్డు మీద ఏవుందో చదవండి" అంది వరహాలమ్మ, పంతులమ్మలా.

"అమలాపురం." ఇంకా బస్సు చాలా దూరంలోనే ఉంది. "డ్రైవరు కిళ్ళీ నవుల్తున్నాడు కూడానూ."

వంతెన దిగాక కారు పక్కకి ఆపి, కాకినాడ ఆసామికి ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్ళుగా మాట తప్పని మనిషి, గొంతు సవరించుకుని సవరించుకుని మొదలెట్టాడు. "కారు ఇవ్వలేనండి. మాట తప్పుతున్నాను, క్షమించాలి. ఏం చెయ్యనండి, నాకు కళ్ళు కనపడుతున్నాయి."

అవతలాయనకి ఏమీ అర్థమైనట్టు లేదు. వరహాలమ్మ పమిట చెంగుతో మొహం తుడుచుకుని, "ఇంక పోనివ్వండి" అంది.