పదిహేడో నంబరు మనిషి

మునిలక్ష్మి సంగటి కెలుకుతుంటే ఫోను మోగింది. పుంగనూరు దాటాక రెండు బస్సులు ఢీకొన్నాయట, ఆసుపత్రికి వెంటనే రమ్మన్నారు. ఆమె అక్కడ స్టాఫ్ నర్సు. తెడ్డు కింద పెడుతుంటే భర్త జయచంద్ర టీవీ మీంచి చూపు తిప్పకుండా, "ముద్దలు సేసిపెట్టి పో" అన్నాడు. చేసిపెట్టే వెళ్లింది. వేళ్లు కాలాయి. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరైనా ఆమెను వెతికారంటే, ఇంకేదో కనపడకనే. చొక్కా, తాళాలు, అత్త సుభద్రమ్మ బీపీ మాత్రలు. "యాడుండావు?" అంటే "అవి యాడుండాయి?" అని.

ఆసుపత్రి వరండా నిండా మనుషులు. కొత్తగా వచ్చిన నంబరు పట్టీలను మునిలక్ష్మి ఒక్కొక్కరి మణికట్టుకు కట్టింది. పట్టీలోంచి సిగ్నల్ వస్తుంది. మనిషిని ఏ గదికి, ఏ ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లినా ట్యాబ్‌లో కనిపిస్తుంది. మధ్యాహ్నానికి నలభైమూడు మంది. కొందరిని మదనపల్లెకు, కొందరిని కుప్పానికి పంపారు.

మూడింటికి సోమల నుంచి నంజప్ప అనే పాడిరైతు వచ్చాడు. కాళ్లకు చెప్పుల్లేవు.

"మదనపల్లెలో అన్ని మంచాలూ సూసొచ్చినానమ్మా. నా పెండ్లాం వెంకటలక్ష్మమ్మ యాడా ల్యాదు."

ట్యాబ్‌లో ఆ పేరు లేదు. స్పృహ లేనివాళ్లు పేరెలా చెప్తారు? "గుర్తులేమన్నా సెప్పప్పా" అంది.

"ఎడం మోసేతి మింద ఆవు కుమ్మిన మచ్చ. ముందుపన్ను మింద ఇంగో పన్ను ఎక్కుంటాది, నవ్వేటప్పుడు సెయ్యి అడ్డం పెట్టుకుంటాది. నిద్దట్లో..." అంటూ ట్యాబ్‌లోకి తొంగి చూశాడు.

పదిహేడో నంబరు. ఆ పట్టీ వివరాల్లో మోచేతి మచ్చ అని మునిలక్ష్మే రాసింది. సిగ్నల్ కుప్పంలో ఉంది.

"కుప్పంలో ఉండాదప్పా. అంబులెన్సు పోతాండాది, ఎక్కు" అని పంపేసింది గానీ, అతని మాటలు ఆమెను వదల్లేదు. తన మెడ వెనక పుట్టుమచ్చ ఉంది. తనకు కనపడనిది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా, ఊరికే, ఎవరైనా దాన్ని చూసి గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. జయచంద్ర ఫోను చేయగానే అడిగేసింది.

"నేను కనపడకుండా పోతే నా గుర్తులేం సెప్తావు?"

"ఇదేం కతమ్మే? పాలు తోడేసినావా ల్యాదా, అది సెప్పు."

సాయంత్రం కుప్పం నుంచి డాక్టర్ వసుధ మాట్లాడింది. వెంకటలక్ష్మమ్మ కళ్లు తెరిచిందట, ప్రాణభయం లేదట. "ఇక్కడి నర్సులకు ఈ పట్టీల పని నేర్పడానికి మూడు నెలలు మీరు రావాలి మునిలక్ష్మి గారూ. ఉండడానికి గది ఇస్తాం. ఇంట్లో అడిగి చెప్పండి."

మునిలక్ష్మి కాలిన వేళ్లను చూసుకుంది.

"అడిగేదేం ల్యాదు మేడం" అంది. "సోమవారం వస్తాండాను."