తప్పు మాదే సార్

ఉదయలక్ష్మి మళ్ళీ అదే మాట దగ్గర ఆగిపోయింది. డైరెక్టర్ "కట్" అని కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. మాటలు రికార్డు చేస్తున్నారని ఏసీ ఆపేశారు. మైత్రీవనం వెనక సందులో మూతపడ్డ కోచింగ్ సెంటర్ హాలు అది. బోర్డు మీద ఎవరో చెరపకుండా వదిలేసిన కంప్యూటర్ పాఠం కనబడకుండా గుడ్డ కట్టారు. ముందు ఒక బల్ల వేసి, పక్కన కమ్మీల్లా రంగేసిన చెక్కలు నిలబెట్టి, పోలీస్ స్టేషన్ అన్నారు. లైట్ల వేడికి జనం ముఖాలు జిడ్డోడుతున్నాయి.

"ఏంటి లక్ష్మీ, నాలుగు ముక్కలు. పొద్దున్నే చదివించాను కదా," అన్నాడు హనుమత్ప్రసాద్. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులకు వేషాలిప్పించే ఏజెంటు అతను.

"వస్తలేదు సార్."

"రాకపోవడం ఏంటి? గుంపులో నిలబడితే ఎనిమిది వందలు. దీనికి రెండు వేలు. నీ ఇంటి పరిస్థితి తెలిసే కదా పిలిచాను."

అందులో అబద్ధం లేదు. ఆమె భర్త సారయ్య పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా ఉండేవాడు. నిరుడు ఎండాకాలం ఆ అపార్ట్‌మెంటులో బంగారు గొలుసు పోయిందని పోలీసులొచ్చారు. గేటు పక్క గదిలో అన్నం తింటున్నవాణ్ణి చెయ్యి కడుక్కోనివ్వకుండానే జీపెక్కించారు. స్టేషన్లో చెంప మీద కొట్టిన దెబ్బలకు ఎడమ చెవి కర్ణభేరి పగిలింది. కుడి చెవి కూడా మందగించింది. తర్వాత రెండు రోజులకు గొలుసు ఆ ఇంట్లోనే, సోఫా సందులో దొరికింది. ఇంటివాళ్ళు నొచ్చుకున్నారు. కానీ కారు హారన్ వినబడని వాచ్‌మన్ ఎందుకని అసోసియేషన్ వాళ్ళు నెల తిరక్కుండానే గది ఖాళీ చేయించారు. అప్పటినుంచి కృష్ణానగర్‌లో రేకుల గది, ఆమె వేషాలు, అతని మౌనం.

పొద్దున హనుమత్ప్రసాద్ ఆమెకు చెప్పింది కొంచెమే: కొత్తగా చేరిన పోలీసులకు చూపించే శిక్షణ వీడియో, వాచ్‌మన్ భార్య వేషం, చివర్లో ఒక్క డైలాగు. కాగితం మీద ఆ డైలాగు మాత్రమే ఉంది. "తప్పు మాదే సార్. తాగి మీ మీదకొచ్చాడు. మీరు ఓపిక పట్టారు." ఎవరో తాగుబోతు కథ అనుకుని ఆమె బట్టీ పట్టింది.

ఆమె వంతుకు ముందు, వాచ్‌మన్ వేషం వేసినతన్ని లోపలికి తెచ్చారు. అతని కుడిచేతికి పప్పన్నం అంటుకుని ఉంది. "చెయ్యి కడుక్కుంటా సార్," అన్నాడు అతను. ఉదయలక్ష్మి గోడకు ఆనుకుంది. తర్వాత ఆ మనిషి తూలుతూ కానిస్టేబుల్ లాఠీ పట్టి గుంజాడు. పెనుగులాటలో అతని చెవికి దెబ్బ తగిలింది. ఎస్సై వేషధారి కెమెరా వైపు తిరిగి, చెవి మీద దెబ్బ ఎంత ప్రమాదమో, ఎందుకు కొట్టకూడదో వివరించాడు. అంతా అయ్యాక భార్య వచ్చి తప్పు ఒప్పుకోవాలి.

చెయ్యి కడుక్కోనివ్వని సంగతి ఆమె ఒక్కచోటే చెప్పింది. పోలీసుల శిక్షణలో ఏం మార్చాలో చెప్పమని వేసిన పౌరుల కమిటీ ముందు. పంజాగుట్టలో ఒక హాల్లో కూర్చుని వాళ్ళు దెబ్బలు తిన్నవాళ్ళ మాటలు రాసుకున్నారు. ఇవే రేపు పాఠాలవుతాయన్నారు. ఆమె ఏడుస్తుంటే నీళ్ళ గ్లాసు అందించిన పెద్దావిడ, ఇప్పుడు కెమెరా వెనక కమిటీ తరఫున కూర్చుని ఉంది. రిటైరైన లెక్చరర్ అరుణాదేవి.

ఉదయలక్ష్మి నేరుగా ఆమె దగ్గరకు వెళ్ళింది. "మేడమ్, నన్ను గుర్తుపట్టిండ్రా?"

అరుణాదేవి కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. మేకప్ కింద ముఖాన్ని పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. "సారయ్యగారి భార్యవి కదూ? నువ్విక్కడ... నువ్వొస్తావని నాకు తెలీదమ్మా."

"మా ఆయన తాగిండని ఎవరు రాసిండ్రు?"

అరుణాదేవి ఆమెను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళింది. గొంతు తగ్గించింది. "మేం రాసిందేదీ అలా లేదు. ఏ తప్పూ చెయ్యని మనిషిని కొట్టినట్టు చూపిస్తే ఒప్పుకోం అన్నారు పోలీస్ అకాడమీ వాళ్ళు. డిపార్ట్‌మెంట్ పరువు పోతుందట. పాఠం మొత్తం తీసేస్తామన్నారు. చెవి మీద కొట్టకూడదని వాళ్ళ పాఠాల్లో ఇంతవరకు ఎక్కడా లేదమ్మా. కనీసం అదైనా నిలబెట్టుకుందామని ఈ మార్పుకి ఒప్పుకున్నాం."

"మీరు ఒప్పుకున్నరు. మమ్మల్ని అడిగిండ్రా?"

అరుణాదేవి కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఆయన కల్లు సుత ముట్టడు మేడమ్. చెవి పోయింది, నౌకరి పోయింది. తప్పు చెయ్యలేదన్న పేరొక్కటి మిగిలింది. అది సుత నా నోటితోనే తీసేయాల్నా?"

"ఈ వీడియో చూసి రేపు ఒక్క కుర్ర కానిస్టేబుల్ చెయ్యి ఆపుకున్నా, ఇంకో సారయ్య బతికిపోతాడు. అది ఆలోచించు."

ఉదయలక్ష్మి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఇంటి అద్దె, మందుల చీటీ, ఏదన్నా పని దొరుకుతుందేమోనని రోజూ బయల్దేరి వట్టి చేతులతో తిరిగొచ్చే సారయ్య, ఆమెకు అన్నీ గుర్తొచ్చాయి. ముక్కూ ముఖం తెలియని ఆ ఇంకో సారయ్య మీద కూడా జాలేసింది.

"తాగినోన్ని కొట్టొద్దని నేర్పుతుండ్రు. తాగనోన్ని కొట్టొద్దని ఎవరు నేర్పుతరు?" అంది మెల్లగా. తర్వాత అందరికీ వినబడేలా, "ఈ డైలాగు నేను చెప్ప సార్," అంది.

డైరెక్టర్ కళ్ళు తెరిచి హనుమత్ప్రసాద్ వైపు చూశాడు. హనుమత్ప్రసాద్ ముఖం నల్లబడింది.

"చెప్పకపోతే ఇక నా నంబరుకి ఫోన్ చెయ్యకు. నేనే కాదు, ఎవరూ పిలవరు నిన్ను."

ఆమె తలూపింది. అరుణాదేవి వెళ్ళి కెమెరా వెనక తన కుర్చీలో కూర్చుంది.

పావుగంటలో ఇంకో ఆర్టిస్టు వచ్చింది. మంజూష, పాతికేళ్ళ పిల్ల. నిడదవోలు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో నలుగురు ఆడపిల్లలతో ఒక గదిలో ఉంటోంది. ఆటోలో హడావుడిగా వచ్చిన ఆ పిల్లను మెట్ల పక్క తెరచాటుకు పంపారు. ఉదయలక్ష్మి కట్టుకున్న వేషం చీర ఒక్కటే ఉంది. దాన్ని విప్పి ఇచ్చి, ఆమె తన చీర కట్టుకుంటోంది.

"ఒంట్లో బాలేదంటగా అక్కా?" అంది మంజూష, కాగితం పళ్ళ మధ్య పట్టుకుని చీర చుట్టుకుంటూ. "పాపం, నీ వేషం నాకొచ్చింది. నాకైతే దేవుడిచ్చినట్టే ఉంది. నెల రోజులుగా ఖాళీ."

ఉదయలక్ష్మి ఆ పిల్ల పీక్కుపోయిన చెంపలు చూసింది. చెప్పకుండా వెళ్ళిపోదామనుకుంది. మెట్టు మీద కాలు పెట్టి కూడా వెనక్కి తిరిగింది.

"నేను మంచిగనే ఉన్న."

"మరి?"

"నువ్వు చదివే మాట మా ఆయన గురించి. ఆయన తాగలే. ఎవరి మీదికి పోలే. అన్నం తింటుంటే పట్టుకపోయి కొట్టిండ్రు."

మంజూష నోట్లోంచి కాగితం తీసింది. దాన్ని చూసింది. మళ్ళీ ఉదయలక్ష్మిని చూసింది.

"నాకెందుకు చెప్పావక్కా?" అంది. కోపమో ఏడుపో తెలియని గొంతు.

"చెప్పకుంట పోలేకపోయిన చెల్లె."

లోపల లైట్లు వెలిగాయి. తెర అంచున వెలుగు పడింది. "ఆర్టిస్ట్ రెడీయా?" అని హనుమత్ప్రసాద్ కేకేశాడు. మంజూష కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. లోపలికి దోపుకోలేదు, వదిలెయ్యలేదు. కేక మళ్ళీ వినబడింది.