పన్నెండు అంగలు

నేను ఒక సున్నం బండిని. ఫుట్‌బాల్ మైదానంలో తెల్ల గీతలు గీయడం నా వృత్తి. వృత్తి అని గొప్పగా అంటున్నాను గానీ, రెండేళ్లుగా సికింద్రాబాద్ శివారులోని మా స్టేడియంలో, గ్యాలరీ కింది గదిలో, చిరిగిన వలల పక్కన ఊరికే పడి ఉన్నాను. బయట ఈల మోగినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది. తలుపు మాత్రం తెరుచుకోదు.

రాణిగంజ్‌లో ఒక వెల్డింగు షాపతను రేకు డబ్బాకు చక్రం తగిలించి నన్ను పుట్టించాడు. మైదానం చూసుకునే జంగయ్య నన్ను తెచ్చిన రోజే చక్రం అంచున ఎర్రరంగుతో చుక్క పెట్టాడు. ఆ చుక్క ఒక చుట్టు తిరిగొస్తే సరిగ్గా గజం. ఆయన అంగ కూడా గజమే. పెనాల్టీ చుక్క గోల్‌కు పన్నెండు గజాల దూరంలో ఉండాలి. గోల్ గీత నుంచి నన్ను తోసుకుంటూ పన్నెండు అంగలు వేసి, ఆగి, ఆ చుక్క పోసేవాడు. నా చక్రమూ పన్నెండు చుట్లే తిరిగేది. కొన్నాళ్లకు చక్రం వంక చూడటం మానేశాడు. "టేపెందుకు సార్, నా కాళ్లున్నయి గద" అనేవాడు కోచ్ విక్టర్ సార్‌తో.

ఆ కాళ్లకు వయసొచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. అంగలు పన్నెండే, నా చుట్లు మాత్రం పదకొండున్నర అయ్యాయి, ఆఖరుకు పదకొండు. చుక్క గోల్‌కు దగ్గరగా జరిగిపోయిందని నాకొక్కదానికే తెలుసు. చెప్పే నోరు లేక లోలోపలే కుమిలిపోయాను. మా మైదానంలో పెనాల్టీ అంటే గోలే. అదంతా తన శిక్షణేనని విక్టర్ సార్ మీసం మెలేసేవాడు. పొరుగు జట్ల గోల్‌కీపర్లు తమ చేతుల్నే తిట్టుకుని వెళ్లేవాళ్లు.

రెండేళ్ల కిందట గడ్డి పీకేసి ప్లాస్టిక్ టర్ఫ్ పరిచారు. గీతలూ చుక్కలూ అందులోనే వచ్చాయి. మొదటి వారంలోనే మావాళ్లు వరసగా మూడు పెనాల్టీలు పోగొట్టారు. జంగయ్య వెళ్లి అంగలు వేశాడు. పన్నెండో అంగ చుక్కకు గజం ఇవతలే ఆగిపోయింది.

"దూరం పెట్టిండ్రు సార్! చుక్క తప్పు పెట్టిండ్రు!"

"వాళ్లు మిషన్‌తో కొలిచారయ్యా" అన్నాడు విక్టర్ సార్.

"మిషను తప్పయితది. నా అంగ తప్పు గాదు. నా బండే సాక్ష్యం చెప్తది, సూడుండ్రి."

ఆటగాళ్లంతా మూగారు. జంగయ్య నన్ను గోల్ గీత మీద నిలబెట్టి, ఎర్రచుక్కను కిందికి తిప్పి, తోశాడు. చక్రం బిగుసుకుపోతే బాగుండునని మొక్కుకున్నాను. పని లేకపోయినా మొన్ననే నూనె పోశాడాయె, సాఫీగా తిరిగింది. పన్నెండో చుట్టుకు ఎర్రచుక్క వచ్చి తెల్లచుక్క మీద కూర్చుంది.

విక్టర్ సార్ మీసం మీది చెయ్యి తీసేసి గ్యాలరీ వైపు చూశాడు. జంగయ్య నా పక్కన చతికిలపడి, చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఇన్నేండ్లు ఎంటే ఉన్నవ్ గదనే. ఒక్కపారన్న చెప్పకపోతివి."

ఆ సాయంత్రమే నన్ను గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి సార్ చేతికిచ్చేశాడు. తలుపు వెనక నుంచి ఆయన చెప్పుల చప్పుడు లెక్కపెట్టాను. ఒకప్పుడు గేటుకు నలభై అంగలు. ఆ రోజు నలభై దాటినా అడుగులు ఇంకా వినబడుతూనే ఉన్నాయి.