సగం దించిన షట్టరు

నాకు రెండు బరంపురాలు ఉన్నాయి. ఒకటి మా అన్నయ్య పూర్ణచంద్ర కిరాణా కొట్టు ముందు పొద్దస్తమానం దుమ్ము లేచే ఊరు. రెండోది ఫోన్‌లో నేను కట్టుకున్న ఊరు. చుట్టుపక్కల దుకాణాలకు అందులో తలా ఒక పేజీ ఇస్తాను. ఫొటో, చిరునామా, నొక్కితే మోగే నంబరు ఉంటాయి. అక్కడ దుమ్ము లేవదు, కరెంటు పోదు. మధ్యాహ్నం అన్నం తిని కళ్లు మూసుకుంటే ఆ వీధుల్లో నడుస్తున్నట్టే ఉంటుంది. పట్టుచీరల కొట్టు పక్కనే సముద్రం, సముద్రాన్ని ఆనుకుని సైకిళ్ల రిపేరు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని అలా పోతూనే ఉంటాను.

ఆ ఊళ్లో ఒకటే బాధ, ఎవరూ డబ్బు కట్టరు. ఏడాదికోసారి ఇవ్వాల్సిన సొమ్ము గుర్తుచేస్తూ మెసేజ్ పెడితే దండం పెట్టే చేతుల బొమ్మ వస్తుంది. ఫోన్ చేస్తే, శుక్రవారం పూట లక్ష్మిని బయటికి పంపకూడదంటారు. పొద్దున్నే వెళితే ఇంకా బోణీ కాలేదు. సాయంత్రం వెళితే దీపాలు పెట్టాక డబ్బు ఇవ్వకూడదట. ఒడియావాళ్లు 'దేఖిబా' అంటారు, మనవాళ్లు 'సూద్దాంలే' అంటారు. ఎవరేమన్నా ఇచ్చేది మాత్రం సున్నా. ఒళ్లు మండిపోయేది. పోనీ పేజీ తీసి పారేద్దామంటే చేతులు రావు. నా వీధి నేనే కూల్చుకున్నట్టు ఉంటుంది.

ఆఖరికి ఒక ఉపాయం తట్టింది. బాకీ ఉన్నవాళ్ల ఫొటో మీద సగం దించిన షట్టరు బొమ్మ పెడితే సరి. పూర్తిగా మూసినట్టూ కాదు, ఊరుకున్నట్టూ కాదు. నా తెలివికి నేనే మురిసిపోయి, ముందుగా ఆర్యపల్లిలో ఎండుచేపలు అమ్మే కాసమ్మ పేజీ మీద పెట్టి చూశాను. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో సముద్రం మీద వేట బందు కాబట్టి చేతిలో డబ్బాడడం లేదని ఆవిడ ఎన్నోసార్లు చెప్పింది. వింటేగా నేను.

మర్నాడు అన్నయ్య కొట్లోంచి ఫోన్ చేసి, పాపం కాసమ్మ ఎలా పోయిందని అడిగాడు. నేను పెట్టిన షట్టరు బొమ్మ చూశాడట. మా బజారులో ఒకరింట్లో చావు జరిగితే చుట్టుపక్కల కొట్లన్నీ షట్టరు సగానికి దించుతాయి. నాన్న పోయిన రోజు వీధి వీధంతా అలాగే నిలబడింది. కొట్టు గల ఇంట్లో పుట్టి పెరిగిన దానికి ఆ మాత్రం తట్టకపోతే ఎలా? నన్ను నేనే తిట్టుకుంటూ బస్సెక్కాను. దారిలో ఆ బొమ్మ తీసేద్దామని నొక్కుతూనే ఉన్నాను గానీ నెట్ అందలేదు.

ఆర్యపల్లి చేరేసరికి పొద్దెక్కినా సముద్రం మీద మంచు విడలేదు. పడవలు నీళ్ల మీద ఉన్నాయో గాలిలో ఉన్నాయో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి మనుషులు ఒక్కొక్కరే తేలి వస్తున్నారు. అందరూ కాసమ్మ పాత ఖాతాదార్లే, కొందరి చేతుల్లో చావింటికని తెచ్చిన బియ్యం సంచులు కూడా ఉన్నాయి. ఇసుక మీద ఆరబోసిన పాత ఎండుచేపల మధ్య కాసమ్మ నిక్షేపంగా కూర్చుని వాళ్లందరికీ టీ పోయిస్తోంది. దారంతా ఏడ్చుకుంటూ వచ్చిన ఒక ముసలాయన ఆవిణ్ణి చూశాక కూడా ఏడుపు ఆపలేకపోతున్నాడు. ఇదంతా నా మధ్యాహ్నపు నిద్రలో జరుగుతోందేమో అనుకున్నాను.

తప్పయిపోయిందని చేతులు పట్టుకున్నాను. ఇక్కడ నెట్ ఉంది, ఇప్పుడే తీసేస్తానని ఫోన్ తెరిచాను. ఆవిడ దాని మీద అరచెయ్యి కప్పింది.

"తియ్యకు పాపా. దుర్గ ఇంకా రానేదు."

దుర్గ ఆవిడకు ఒక్కగానొక్క కూతురు. బరంపురం వైపు అంకులిలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి కాసమ్మ మంచి మంచి ఎండుచేపలు ఏరి బుట్టెడు పట్టుకెళ్లిందట. చుట్టాలున్నారు, వాసనొస్తుంది, బుట్ట బయట పెట్టమని కూతురు గుమ్మంలోనే అందట. కాసమ్మ బుట్ట దించకుండానే వెనక్కి తిరిగి వచ్చేసింది. ఆ తర్వాత ఆవిడ ఆ గడప తొక్కలేదు, కూతురు ఈ ఇసుక తొక్కలేదు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలే.

"బతికున్న అమ్మ కోసం రానేదు. సచ్చిపోయిన అమ్మ కోసమైనా వత్తాది గదా," అంది కాసమ్మ. నవ్వుతూనే అంది.

చచ్చినవాళ్లు ఫోన్ ఎత్తరు కదా అని పొద్దుటినుంచీ ఆవిడ ఏ ఫోనూ ఎత్తడం లేదట. నేనూ పక్కనే చతికిలబడ్డాను. రోడ్డు మీద ఆటో చప్పుడైతే చాలు, ఆవిడ జుట్టు సవరించుకుని అటు చూస్తోంది. ఏ ఆటోలోంచీ దుర్గ దిగలేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే మంచులో కలిసిపోయారు. అలల చప్పుడు ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎక్కడో దూరంగా వినిపిస్తోంది.

కాసమ్మ ఒడిలో ఫోన్ మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆగకుండా మోగుతూంటే విసిగి నా చేతికిచ్చి, కాసమ్మ లేదని చెప్పెయ్యమంది. ఆవిడకు కూడా వినబడేట్టు స్పీకర్ పెట్టాను.

"అమ్మ ఏదీ?" అంది అవతల ఒక ఆడగొంతు. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు.

కాసమ్మ కూతురి గొంతు గుర్తుపట్టింది. లేదని చెప్పమంటూ నా వైపు తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచాను గానీ అబద్ధం రాలేదు. ఒకసారి చంపిన మనిషిని మళ్లీ ఎలా చంపను?

"ఇక్కడే ఉంది. నా ఎదురుగానే కూర్చుంది, బాగానే ఉంది," అన్నాను.

అవతల చాలాసేపు వెక్కిళ్లే వినిపించాయి.

"మరి పొద్దుట్నుంచీ ఎందుకెత్తనేదు? పక్కింటోల్ల ఫోన్‌లోంచి రోజూ సేత్తాను. 'అలో, ఏ సేప కావాలమ్మా' అంతాది. ఆ గొంతు ఇనేసి పెట్టెత్తాను. ఇవాళ ఎన్నిసార్లు సేసినా ఎత్తకపోతే, అందరూ సెప్పింది నిజమే అనుకున్నాను."

కాసమ్మ ఫోన్ కోసం చెయ్యి చాచింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని రెండు చేతులతో పట్టుకుంది. గొంతు సవరించుకుంది, ఒకటికి రెండుసార్లు.

"అలో. ఏ సేప కావాలమ్మా?"

ఈసారి అవతల ఫోన్ పెట్టెయ్యలేదు.